7805 నుంచి 6 వోల్టులు రాబట్టడం ఎలా? నాన్న రేడియో కోసం

పాతరేడియో · ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. మా నాన్న దగ్గర ఒక పాత ట్రాన్సిస్టర్ రేడియో ఉంది, నాలుగు పెద్ద సెల్స్ వేసేది, అంటే 6 వోల్టులు. పొద్దున్నే 738 కిలోహెర్ట్జ్ మీద హైదరాబాద్ స్టేషన్ పెట్టుకుని దాని పక్కనే కూర్చుంటారు, ఫోన్‌లో యాప్ ఉంది కదా నాన్నా అంటే వినరు. ఇప్పటికి రెండుసార్లు సెల్స్ కారిపోయి స్ప్రింగులు పచ్చగా చిలుమెక్కాయి. గీకి గీకి నాకే విసుగొచ్చి, కరెంటు మీద నడిచేలా చేద్దామనుకున్నాను.

ఇంట్లో పాత రౌటర్ తాలూకు 12 వోల్టుల అడాప్టర్ ఉంది. మొదట ఆన్‌లైన్‌లో ఎల్ఎం2596 బక్ మాడ్యూల్ (వేగంగా ఆన్-ఆఫ్ అవుతూ వోల్టేజ్ తగ్గించే బోర్డు) తెప్పించి, ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పి మార్చే చిన్న రెసిస్టర్) తిప్పి 6 వోల్టులకి సెట్ చేశాను. రేడియో పలికింది కానీ వార్తల వెనక ఒకటే ఈల. డయల్ కాస్త జరిపితే ఈల కూడా సన్నబడుతుంది, లావెక్కుతుంది. నాన్న ఒక్క నిమిషం విని "సెల్సే వేసెయ్" అని లేచిపోయారు.

డబ్బాలో 7805లు, అంటే ఎప్పుడూ 5 వోల్టులే ఇచ్చే మూడు కాళ్ల ఫిక్స్‌డ్ రెగ్యులేటర్ చిప్‌లు, ఐదారు పడి ఉన్నాయి. ఒకటి పెట్టి చూస్తే ఈల పోయింది, వెనక కొంచెం గుర్రుమనే చప్పుడు మిగిలింది. కానీ వచ్చేది 5 వోల్టులే కాబట్టి వాల్యూమ్ పెంచితే గొంతు బొంగురుపోతోంది. గ్రౌండ్ కాలు కింద రెసిస్టరో డయోడో పెడితే 7805 ఎక్కువ వోల్టేజ్ ఇస్తుందని ఎక్కడో చదివాను. నిజమేనా? ఫిక్స్‌డ్ అని పేరు పెట్టి మళ్లీ మార్చడం ఏంటి?

నట్టుబోల్టు · ఆదివారం రాత్రి 9:20

7806 అని విడిగా దొరుకుతుంది కదా భయ్యా. 05, 06, 08, 09, 12, 15, 18, 24 ఇట్లా ఉంటాయి, చివరి రెండంకెలే వోల్టేజ్. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి ఒకటి తెచ్చుకుంటే అయిపోయే పనికి ఇంత టెన్షన్ ఎందుకు?

పాతరేడియో · ఆదివారం రాత్రి 9:26

ఇవాళే వెళ్లొచ్చాను అన్నా. ఆదివారమన్న సంగతి మర్చిపోయి మలక్‌పేట నుంచి పనిగట్టుకుని వెళ్తే గల్లీలో దాదాపు అన్ని షట్టర్లూ దించి ఉన్నాయి. తెరిచి ఉన్న ఒక్క షాపులో 05, 09, 12 తప్ప లేవన్నాడు. "06 ఎవరడుగుతారు సార్" అని నన్నే అడిగాడు.

గల్లీ_షాపు · ఆదివారం రాత్రి 9:41

ఆ షాపు నాది కాదు గానీ ఆయన చెప్పింది కరెక్టే. 7806 నెలకి ఒకటో రెండో పోతాయి, అవి కూడా పాత టేప్ రికార్డర్లు బాగుచేసేవాళ్లు అడిగితేనే. కాలేజీ ప్రాజెక్టుల సీజన్‌లో మాత్రం 7805 గుప్పెళ్లతో పోతుంది.

జీరోపీసీబీ · ఆదివారం రాత్రి 10:03

చదివింది నిజమే. ఫిక్స్‌డ్ అన్న మాట ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో చెప్తాను, అది అర్థమైతే మిగతా సర్క్యూట్లన్నీ మీరే గీసుకోగలరు.

7805కి నేల ఎక్కడుందో తెలియదు. తన మధ్య కాలికీ (మీరన్న గ్రౌండ్ కాలు ఇదే) అవుట్‌పుట్ కాలికీ మధ్య 5 వోల్టులు ఉండాలి, దానికి తెలిసింది అంతే. ఆ మధ్య కాలిని మనం నేరుగా అడాప్టర్ మైనస్‌కి కలుపుతాం కాబట్టి బయటికి 5 కనిపిస్తుంది. అయిదడుగుల మనిషిని అడుగు ఎత్తు పీట ఎక్కిస్తే తల ఆరడుగుల దగ్గర ఉంటుంది, మనిషేమీ పెరగలేదు కదా. అలాగే మధ్య కాలిని మైనస్ కంటే 1 వోల్ట్ పైకి లేపితే అవుట్‌పుట్ 6కి వెళ్తుంది, లోపల చిప్ మాత్రం తను 5 ఇస్తున్నాననే అనుకుంటుంది.

ఇక ఆ పీట దేనితో చెయ్యాలన్నదే ప్రశ్న. మధ్య కాల్లోంచి ఎప్పుడూ కొంచెం కరెంట్ కిందికి కారుతూ ఉంటుంది, మామూలుగా 4, 5 మిల్లీ ఆంప్స్, డేటాషీట్ హద్దు 8. ఈ కరెంట్ స్థిరంగా ఉండదు, ఒక్కో పీస్‌కి ఒక్కోలా ఉంటుంది, ఇన్‌పుట్ మారినా లోడ్ మారినా కొంచెం కదులుతుంది. ఆ కదలికని పట్టించుకోని పీట మంచి పీట.

మీకు 1 వోల్ట్ చాలు కాబట్టి రెండు 4007 డయోడ్లు వరసగా పెట్టండి. 5 మిల్లీ ఆంప్స్ దగ్గర ఒక్కోటి 0.6 దాకా పడుతుంది, మొత్తం 6.2 వస్తుంది. కొత్త సెల్స్ నాలుగు వేసినా ఒక్కోటి 1.5, 1.6 ఉంటుంది కాబట్టి రేడియోకి 6.2 అలవాటైనదే. డయోడ్ మీద ఉన్న వెండి గీత మైనస్ వైపు ఉండాలి.

ఈసీఈ_బ్యాక్‌లాగ్ · ఆదివారం రాత్రి 10:15

డయోడ్లు దేనికి అక్కా, రెండు రెసిస్టర్లతో అయిపోతుంది అని చెప్పబోయి ఆగాను, ఎందుకంటే దాని కథ ఒకటుంది.

పోయిన సెమిస్టర్‌లో రోబో చేతికి సర్వో మోటార్ పెట్టాం, దానికి 6 వోల్టులు కావాలి. అవుట్‌పుట్‌కీ మధ్య కాలికీ మధ్య 4.7కె (కిలో ఓమ్స్), మధ్య కాలి నుంచి గ్రౌండ్‌కి 1కె పెట్టాను. లెక్క వేస్తే సరిగ్గా 6.06 వచ్చింది. నోట్‌బుక్‌లో దాని చుట్టూ సున్నా కూడా చుట్టాను. ఆన్ చేస్తే సర్వో ఒక్కసారి ఇటు తిరిగి, అటు తిరిగి, తర్వాత వాసన. మీటర్ పెడితే 10 దాటి ఉంది. డెమో మర్నాడే. ఆ లెక్క ఎక్కడ తప్పిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

జీరోపీసీబీ · ఆదివారం రాత్రి 10:31

అయ్యో. నేను పైన చెప్పిన కారే కరెంటే నీ సర్వోని మింగేసింది.

4.7కె మీద 5 వోల్టులు అంటే దాదాపు 1 మిల్లీ ఆంప్. నువ్వు లెక్కలోకి తీసుకున్నది ఇది ఒక్కటే. చిప్ లోంచి వచ్చే ఇంకో 5 మిల్లీ ఆంప్స్ కూడా అదే 1కె లోంచి పోవాలి కదా? మొత్తం 6. 1కె మీద 6 మిల్లీ ఆంప్స్ అంటే 6 వోల్టుల పీట. 5కి 6 కలిస్తే 11. నీ అడాప్టర్ 12దే అయ్యుంటుంది, రెగ్యులేటర్‌కి తనకోసం పైన 2 వోల్టుల దాకా కావాలి కాబట్టి 11కి చేరలేక పది చిల్లర దగ్గర ఆగిపోయింది.

రెసిస్టర్లతోనే చెయ్యాలంటే పై రెసిస్టర్‌లో పోయే కరెంట్, చిప్ కారే కరెంట్ కంటే బాగా ఎక్కువ ఉండాలి. 470 ఓమ్స్ పెడితే 10.6 మిల్లీ ఆంప్స్. దానికి చిప్‌వి 5 కలిపి 15.6. కింద 68 ఓమ్స్ పెడితే 1.06 వోల్టులు, అవుట్‌పుట్ 6.06. చిప్ కరెంట్ 5 కాకుండా 8 అయిందనుకో, అప్పుడు కూడా 6.27 దాటదు. చిప్ కరెంట్‌ని మర్చిపోయి 1 వోల్ట్‌ని 10.6తో భాగిస్తే 94 వస్తుంది, దాని బదులు 100 ఓమ్స్ పెడితే 6.5 దాటిపోతుంది. ఈ తప్పు నేనూ చేశాను, నా దగ్గర కాలిపోయేది ఏమీ లేదు కాబట్టి పరువు దక్కింది.

ఈసీఈ_బ్యాక్‌లాగ్ · ఆదివారం రాత్రి 10:38

ల్యాబ్‌లో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు అక్కా. వోల్టేజ్ డివైడర్ అంటే డివైడరే అనుకున్నా. ఆ సర్వో డబ్బులు నలుగురం పంచుకున్నాం, నన్ను ఇప్పటికీ పది వోల్టులు అనే పిలుస్తారు.

కుషాయిగూడ_తాత · సోమవారం ఉదయం 5:50

నేను ఇసిఐఎల్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీలో, పనిచేసి రిటైరైనవాణ్ణి. అమ్మాయి చెప్పిన పీట పోలిక బాగుంది. దానికి ఒక జాగ్రత్త కలుపుతాను.

పీట విరిగితే మనిషి కింద పడతాడు, కానీ ఈ పీట విరిగితే మనిషి ఆకాశానికి పోతాడు. అంటే మధ్య కాలు దేనికీ తగలకుండా గాల్లో ఉండిపోయిందంటే అవుట్‌పుట్ దాదాపు ఇన్‌పుట్ దాకా ఎగబాకుతుంది. 12 వోల్టులు ఇస్తే రేడియోకి 10, 11 పోతాయి. కాబట్టి ఈ సర్క్యూట్ బ్రెడ్‌బోర్డ్ (సోల్డర్ లేకుండా వైర్లు గుచ్చే బోర్డు) మీద పెట్టి రేడియోకి తగిలించకు బాబూ. బ్రెడ్‌బోర్డ్‌లో ఒక్క వైరు వదులైనా చాలు. సోల్డర్ చేసి, కాలు పట్టి లాగి చూసి, రేడియో తగిలించక ముందు మీటర్‌తో కొలువు.

ప్రీసెట్ పెట్టాలని సరదా పడే వాళ్లకి: ప్రీసెట్ మధ్య కాలుని దాని ఒక చివరి కాలికి కలిపేయండి. లోపలి స్లైడర్ దుమ్ము పట్టి కాంటాక్ట్ వదిలేసినా ప్రీసెట్ పూర్తి విలువ దగ్గర ఆగుతుంది, సర్క్యూట్ తెగిపోదు. ఆ పూర్తి విలువ కూడా చిన్నదిగా ఎంచుకోండి, 100 ఓమ్స్ లాంటిది. కొంపలు మునిగినా మోకాలి లోతే మునగాలి.

పాతరేడియో · సోమవారం ఉదయం 8:15

తాతగారూ, జీరోపీసీబీ గారూ, చాలా థాంక్స్. 4007లు నా దగ్గర ఉన్నాయి. ఇవాళ ఆఫీసు నుంచి వచ్చాక జీరో పీసీబీ (వరసగా కన్నాలుండే ఖాళీ బోర్డు) ముక్క మీద సోల్డర్ చేస్తాను.

బోరుమోటారు · సోమవారం మధ్యాహ్నం 1:05

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాది ఉల్టా సమస్య. ఊళ్లో బోరు మోటారుని ఫోన్‌తో ఆన్ చెయ్యడానికి సిమ్800ఎల్ మాడ్యూల్ (సిమ్ వేసే చిన్న మొబైల్ బోర్డు) పెట్టాను, దానికి 4 వోల్టులు కావాలి. ఇదే పద్ధతిలో 7805ని కిందికి దించొచ్చా?

జీరోపీసీబీ · సోమవారం మధ్యాహ్నం 1:40

దించాలంటే పీట కాదు, గొయ్యి తవ్వాలి. మధ్య కాలు మైనస్ కంటే కింద ఉండాలి, అంటే ఇంకో నెగెటివ్ సప్లై కావాలి. దానికంటే వేరే రెగ్యులేటర్ కొనడం చవక.

అవుట్‌పుట్ తర్వాత ఒక డయోడ్ పెడితే 4.3 వస్తుందని చాలామంది చేస్తారు. కానీ రెగ్యులేటర్ కాపలా డయోడ్ ముందు దాకానే, తర్వాత ఏం జరిగినా దానికి పట్టదు. ఆ మాడ్యూల్ 3.4 నుంచి 4.4 మధ్యలో ఉండాలి, టవర్‌తో మాట్లాడేటప్పుడు ఒక్కో కుదుపుకి 2 ఆంప్స్ దాకా లాగుతుంది. 7805 అంత ఇవ్వలేదు, డయోడ్ మీద పడే వోల్టేజ్ కూడా ఆ క్షణంలో పెరుగుతుంది. మాడ్యూల్ రీస్టార్ట్ అవుతూ ఉంటే కారణం అదే. మీకు మాత్రం ఎల్ఎం2596 బక్కే సరైంది. ముందు ఖాళీగా 4.1కి సెట్ చేసి ఆ తర్వాతే మాడ్యూల్ కలపండి, దాని కాళ్లకి వీలైనంత దగ్గరగా 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి పెట్టండి. సిగ్నల్ గొడవలుంటే విడిగా ఇంకో పోస్ట్ పెట్టండి, ఇక్కడ రేడియో మరుగున పడిపోతుంది.

పాతరేడియో · సోమవారం రాత్రి 10:48

చేశాను. అవుట్‌పుట్ 5.02. రెండు డయోడ్లు ఉన్నాయి, గీతలు మైనస్ వైపే ఉన్నాయి, సోల్డర్ మెరుస్తోంది, లాగి చూశాను. అయినా 5.02. ఇంకో 7805 మార్చాను, 4.98. డయోడ్లు మార్చాను. మళ్లీ అదే. ఏంటిది?

నట్టుబోల్టు · సోమవారం రాత్రి 10:55

డయోడ్లు రివర్స్‌లో పెట్టావేమో చూడు భయ్యా.

జీరోపీసీబీ · సోమవారం రాత్రి 11:02

రివర్స్‌లో ఉంటే 5 రాదు. మధ్య కాలికి దారే ఉండదు కాబట్టి, తాతగారు పొద్దున చెప్పినట్టు పైకి ఎగబాకేది. 5 వస్తోందంటే మధ్య కాలు ఎక్కడో నేరుగా మైనస్‌కి తగులుతోంది. పీట ఉంది కానీ మనిషి దాని మీద లేడు. జీరో పీసీబీ వెనక సోల్డర్ ఒక చుక్క పక్క కన్నంలోకి జారిందేమో చూడండి. ఒక ఫోటో పెట్టండి.

పాతరేడియో · సోమవారం రాత్రి 11:20

వెనక అంతా బ్లేడుతో గీకి చూశాను, షార్ట్ లేదు. విచిత్రమేంటంటే బోర్డుని రేడియోలోంచి బయటికి తీసి టేబుల్ మీద కొలిస్తే 6.21 వస్తోంది! మళ్లీ లోపల పెట్టి స్క్రూ బిగిస్తే 5.02.

కుషాయిగూడ_తాత · మంగళవారం ఉదయం 5:35

స్క్రూ దేనికి బిగించావు బాబూ? రెగ్యులేటర్ లోహపు రెక్కని రేడియో లోపలి రేకుకి బిగించావు కదూ, చల్లగా ఉంటుందని?

పాతరేడియో · మంగళవారం ఉదయం 7:02

అవును సార్. హీట్ సింక్ లాగా పనికొస్తుందని.

కుషాయిగూడ_తాత · మంగళవారం ఉదయం 7:20

దొరికింది దొంగ. 7805 రెక్కా మధ్య కాలూ లోపల ఒకటే. మామూలుగా మధ్య కాలు మైనస్‌కే పోతుంది కాబట్టి రెక్క రేకుకి తగిలినా పట్టింపు లేదు, అందుకే అందరికీ అలా బిగించడం అలవాటు. కానీ నువ్వు మధ్య కాలిని 1.2 వోల్టులు పైకి లేపావు, అంటే రెక్క కూడా లేచింది. నీ రేడియోలో రేకు మైనస్‌కి కలిసి ఉంది. రేకుకి బిగించగానే డయోడ్లు రెండూ షార్ట్ అయిపోయాయి. పీట వేశావు, మళ్లీ కాళ్లు నేలకి ఆనించావు.

రెక్క రేకుకి తగలకుండా మధ్యలో మైకా షీట్, స్క్రూకి ప్లాస్టిక్ బుష్ పెడితే సరిపోతుంది. కానీ అసలు హీట్ సింక్ ఎందుకు నీకు? లెక్క చూడు. 12లోంచి 6.2 తీసేస్తే 5.8 వోల్టులు. ఆ రేడియో గట్టిగా పాడినా 100 మిల్లీ ఆంప్స్ అనుకో. 0.58 వాట్. రెక్కకి ఏమీ బిగించకుండా గాల్లో వదిలేస్తే ఒక్కో వాట్‌కి 65 డిగ్రీలు పెరుగుతుంది, నీకు పెరిగేది 38. మే నెలలో గది 40 ఉన్నా 78 అవుతుంది, లోపలి చిప్ హద్దు 125. వేలు పెడితే చురుక్కుమంటుంది గానీ దానికేమీ కాదు. అదే 1 ఆంప్ లాగితే 5.8 వాట్లు, అప్పుడు పెద్ద హీట్ సింక్ తప్పదు.

ఇంకోటి. బాగా పాత రేడియోల్లో జెర్మేనియం పీఎన్‌పీ ట్రాన్సిస్టర్లు ఉండేవి, వాటిలో రేకు ప్లస్‌కి కలిసి ఉండటం మామూలే. ఎవరైనా ఇది చూసి చేస్తుంటే ముందు సెల్స్ డబ్బా నుంచి ఏ వైరు రేకుకి పోతోందో మీటర్‌తో చూసుకోండి.

ఈసీఈ_బ్యాక్‌లాగ్ · మంగళవారం ఉదయం 9:10

తాతగారూ, మా కాలేజీకి వచ్చి ఒక్క క్లాస్ చెప్పండి ప్లీజ్.

గల్లీ_షాపు · మంగళవారం మధ్యాహ్నం 12:30

ఇంత కష్టపడే బదులు ఎల్ఎం317 తీసుకోవచ్చు కదా అని ఎవరూ అనలేదేంటి? ధరలో పెద్ద తేడా లేదు.

అది కూడా ఇదే పీట పద్ధతి, కాకపోతే పీట ఎక్కడానికే పుట్టింది. దాని పొడవు 5 కాదు, 1.25 మాత్రమే, మిగతా ఎత్తంతా పీటే. దాని అడ్జస్ట్ కాల్లోంచి కారేది 50 మైక్రో ఆంప్స్, 7805తో పోలిస్తే వందో వంతు. అందుకే రెసిస్టర్ల లెక్క నోట్‌బుక్‌లో ఎంత వస్తే మీటర్‌లో అంతే వస్తుంది. పైన 120 ఓమ్స్, కింద 470 పెడితే 6.15. పైన 240 పెట్టమని చాలా చోట్ల ఉంటుంది కానీ అప్పుడు కరెంట్ 5 మిల్లీ ఆంప్స్ చిల్లరే, ఎల్ఎం317కి కనీస లోడ్ 10 దాకా అవసరం పడొచ్చు, లేకపోతే రేడియో ఆపేసినప్పుడు అవుట్‌పుట్ పైకి పాకుతుంది.

షాపులో రోజూ చూసే గొడవ ఒకటి. 7805 కాళ్లు ఎడమ నుంచి ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. ఎల్ఎం317 కాళ్లు అడ్జస్ట్, అవుట్‌పుట్, ఇన్‌పుట్. చూడ్డానికి కవలలు. 7805 తీసి అదే కన్నాల్లో 317 పెట్టేసి, పీస్ బాలేదని తిరిగి తెచ్చేవాళ్లు ఎంతమందో. 317 రెక్క అవుట్‌పుట్, అది రేకుకి తగిలితే ఇంకా తమాషా.

హార్మోనియం · మంగళవారం సాయంత్రం 6:45

పిల్లల చిన్న కీబోర్డుకి 7.5 వోల్టులు కావాలి, దానికి మూడు డయోడ్లు కాకుండా ఇంకేమైనా ఉందా? డబ్బాలో 7805లే ఉన్నాయి నాకు కూడా.

జీరోపీసీబీ · మంగళవారం సాయంత్రం 7:10

మూడైతే 6.8 దగ్గరే ఆగుతుంది, నాలుగు పెడితే 7.4. ఇంకో దారి, ఒక ఎర్ర ఎల్ఈడీ, దాని వరసలో ఒక 4007. ఎల్ఈడీ మీద 1.8, డయోడ్ మీద 0.6, మొత్తం 7.4. చిప్ కారే 5 మిల్లీ ఆంప్స్‌తోనే ఎల్ఈడీ వెలుగుతుంది కాబట్టి పవర్ లైటు ఉచితం. కానీ ఎల్ఈడీ పోయిందంటే పీట విరిగినట్టే, దాని మీద అడ్డంగా 330 ఓమ్స్ రెసిస్టర్ ఒకటి పెట్టుకోండి. అప్పుడు ఎల్ఈడీ పోయినా 1.65 వోల్టుల దగ్గర ఆగుతుంది. వెలుగు మాత్రం పూర్తిగా పోతుంది, ఎందుకంటే కరెంటంతా రెసిస్టరే తాగేస్తుంది... ఆగండి, ఇది రాస్తూనే తెలిసింది, 330 పెడితే ఎల్ఈడీ మంచిదైనా వెలగదు. 1కె పెట్టండి. అప్పుడు 2 మిల్లీ ఆంప్స్ రెసిస్టర్‌కి, మిగతా 3 ఎల్ఈడీకి. ఎల్ఈడీ పోతే అవుట్‌పుట్ 10.6 అవ్వాలని చూస్తుంది, అది మీ కీబోర్డుకి మంచిది కాదు. ఉచిత లైటు సరదా వదిలేసి నాలుగు డయోడ్లే పెట్టుకోండి.

హార్మోనియం · మంగళవారం సాయంత్రం 7:18

నాలుగు డయోడ్లే. నమస్తే.

పాతరేడియో · మంగళవారం రాత్రి 10:05

స్క్రూ తీసేసి, రెగ్యులేటర్‌ని గాల్లో వదిలేశాను. రేడియో లోపల కూడా 6.21 వస్తోంది, వాల్యూమ్ పూర్తిగా పెంచితే 6.19. బొంగురు పోయింది! కానీ ఆ గుర్రుమనే చప్పుడు మాత్రం పోలేదు. 7805 లీనియర్ కదా, బక్ లాగా ఆన్-ఆఫ్ కొట్టుకోదు, దాని నుంచి చప్పుడు రాకూడదు కదా?

కుషాయిగూడ_తాత · బుధవారం ఉదయం 5:40

7805 నుంచి రావట్లేదు. ఇంటి ముందు వాకిలి ఎంత ఊడ్చినా వీధిలో దుమ్ము లేస్తుంటే ఏం లాభం. నీ రౌటర్ అడాప్టర్ చేత్తో పట్టుకుంటే తేలిగ్గా ఉందా? అయితే అది కూడా బక్ లాంటి స్విచింగ్ సప్లైయే. మొదట నువ్వు విన్న ఈల బక్ బోర్డుది. ఆ చిప్ 150 కిలోహెర్ట్జ్ దగ్గర కొట్టుకుంటుంది, దాని అయిదో రెట్టు 750. మీ నాన్నగారి స్టేషన్ 738. చిప్‌ని బట్టి ఆ 150 కొంచెం అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి నేరుగా స్టేషన్ నెత్తినే కూర్చుంది. అది తీసేశాక అడాప్టర్ గోల బయటపడింది. ఆ గోల 7805 గుండా కూడా వెళ్తుంది, అంత వేగంగా ఊగేదాన్ని అది ఆపలేదు. వైర్లే ఏరియల్‌లా పనిచేసి గాల్లోంచి కూడా రేడియోకి అందిస్తాయి.

ఇంట్లో పాత బ్యాటరీ ఎలిమినేటర్, అంటే సెల్స్ బదులు కరెంటుకి పెట్టే అడాప్టర్, ఉందా? బరువుగా, పక్కన 3, 4.5, 6, 7.5, 9, 12 అని జరిపే స్విచ్ ఉండేది. అటక మీద ఒకటి ఉండే ఉంటుంది.

పాతరేడియో · బుధవారం రాత్రి 9:30

అటక మీద కాదు, కుట్టు మిషన్ డ్రాయర్‌లో దొరికింది. ఇటుకంత బరువు. దీన్నే 6 మీద పెట్టి నేరుగా రేడియోకి ఇచ్చేయొచ్చు కదా అని కొలిస్తే ఖాళీగా 9 వోల్టులు చూపిస్తోంది! అందుకే భయపడి 7805 గుండానే ఇచ్చాను. గుర్రుమనేది పూర్తిగా పోయింది. కానీ వాల్యూమ్ పెంచినప్పుడు హమ్మని కొత్త చప్పుడు, కందిరీగ లాగా.

జీరోపీసీబీ · బుధవారం రాత్రి 9:52

నేరుగా ఇవ్వకపోవడం మంచి పని. అందులో రెగ్యులేటర్ ఉండదు, ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్లు, ఒక కెపాసిటర్ అంతే. లోడ్ లేకపోతే పైకి పోతుంది, లోడ్ పెడితే కిందికి జారుతుంది, దానితో పాటు సెకనుకి 100 సార్లు ఊగుతుంది. మీటర్ చూపించేది సగటు. ఆ ఊగడంలో లోయలు ఎక్కడిదాకా దిగుతున్నాయన్నదే ముఖ్యం. మీ 6.2 రావాలంటే ఇన్‌పుట్ లోయల్లో కూడా 8.2 కంటే పైనే ఉండాలి. 6 మీద పెడితే వాల్యూమ్ పెంచినప్పుడు లోయలు దాని కిందికి జారుతున్నాయి, అక్కడ 7805 చేతులెత్తేస్తోంది, ఆ లోయలే మీకు కందిరీగ. 9 మీదికి జరపండి. 12 వద్దు, అనవసరంగా వేడి.

పనిలో పని, రెండు డయోడ్లకీ కలిపి అడ్డంగా 10 మైక్రో కెపాసిటర్, ప్లస్ మధ్య కాలి వైపు. ఇన్‌పుట్ దగ్గర 0.33, అవుట్‌పుట్ దగ్గర 0.1, ఈ రెండూ అసలు మైనస్‌కి, మధ్య కాలికి కాదు.

పాతరేడియో · గురువారం ఉదయం 7:40

9 మీద పెట్టాను, కెపాసిటర్లు మూడూ పెట్టాను. కందిరీగ పోయింది. స్టేషన్ లేని చోట నిశ్శబ్దం. కానీ సరిగ్గా 738 మీదికి రాగానే సన్నగా మళ్లీ హమ్ వస్తోంది, పక్కకి జరిపితే లేదు. ఇప్పుడిదేం మాయ?

కుషాయిగూడ_తాత · గురువారం ఉదయం 8:05

ఇది మాయ కాదు, పాత జబ్బే. స్టేషన్ సిగ్నల్ కరెంటు వైర్ల మీద కూడా వస్తుంది. ఎలిమినేటర్ లోపలి డయోడ్లు సెకనుకి ఇన్నిసార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఆ సిగ్నల్‌ని కూడా కోస్తాయి, అందుకే స్టేషన్ మీద ఉన్నప్పుడే వినిపిస్తుంది. లోపలున్న ఒక్కో డయోడ్‌కి అడ్డంగా 0.01 మైక్రో డిస్క్ కెపాసిటర్ పెట్టు. ప్లగ్ తీసి, పక్కన పెట్టి, కాసేపాగి అప్పుడు విప్పు. ట్రాన్స్‌ఫార్మర్ 230 వైపు జోలికి పోకు.

పాతరేడియో · శనివారం ఉదయం 11:15

నాలుగు డిస్క్ కెపాసిటర్లు పెట్టాను. హమ్ లేదు. నిన్నా ఇవాళా నాన్న వార్తలు మొత్తం విన్నారు, ఏమీ అనలేదు, అంటే బాగున్నట్టే. తర్వాత రేడియో తీసుకుని బాల్కనీలోకి వెళ్లబోయి వైరు లాగినప్పుడు "ఇదేంట్రా కట్టేశావు దీన్ని" అన్నారు. అక్కడికి వెళ్లినప్పుడు సెల్స్ కావాలట. రెండూ ఉంచితే ఏమన్నా అవుతుందా?

కుషాయిగూడ_తాత · శనివారం మధ్యాహ్నం 12:02

నేరుగా రెండూ కలిపితే అవుతుంది. 6.2 సప్లై పాత సెల్స్‌లోకి కరెంట్ తోస్తుంది, అవి మామూలు సెల్స్, ఛార్జింగువి కావు, మళ్లీ కారతాయి. ప్లగ్ తీసేస్తే సెల్సే రివర్స్‌లో 7805 అవుట్‌పుట్‌లోకి కరెంట్ పంపుతూ ఊరికే అయిపోతాయి.

ముందు 7805 బోర్డుని రేడియో బయట, ఎలిమినేటర్ వైపు పెట్టు, సాకెట్‌కి రెగ్యులేటర్ తర్వాతి 6.2 మాత్రమే రావాలి. మూడు కాళ్ల డీసీ సాకెట్ తీసుకో, పిన్ గుచ్చగానే లోపల ఒక పట్టీ విడిపోయే రకం. సెల్స్ మైనస్ వైరు ఆ విడిపోయే పట్టీకి, రేడియో మైనస్ దానితో తాకే బయటి పట్టీకి, ప్లస్‌లు రెండూ మధ్య పిన్‌కి. పిన్ గుచ్చితే సెల్స్ తెగిపోతాయి, తీస్తే మళ్లీ కలుస్తాయి. సాకెట్‌ని రేకుకి కాకుండా వెనక ప్లాస్టిక్ మూతకి బిగించు.

గల్లీ_షాపు · శనివారం మధ్యాహ్నం 12:20

ఆ సాకెట్ ఇక్కడ ఏ షాపులో అడిగినా ఇస్తారు. రేపు మాత్రం రాకు అన్నా, ఆదివారం.